మోడు దగ్గర యోబు

చదవండి: యోబు 14:7–15

మార్చిలో మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో వెళ్తుంటే నల్లమల ఎండిపోయినట్టే ఉంటుంది. టేకు, నల్లమద్ది, ఏగిస ఎటు చూసినా మోడులే. బస్సు కిటికీలోంచి చూసి "అయ్యో, అడవంతా చచ్చిపోయిందే" అనేవాళ్లుంటారు.

చావలేదు. వానలు వెనక్కి పోయి నేల ఆరిపోతుంటే, ఆకుల్లోంచి ఆవిరైపోయే నీటిని చెట్టు భరించలేదు. అందుకే ఆకుల్ని వదులుకుంటుంది. వదిలే ముందు వాటిలోని నత్రజని, భాస్వరంలో మంచి భాగాన్ని కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. తర్వాతే తొడిమ మొదట్లో పొర ఏర్పడి ఆకు రాలుతుంది. ఆకులో మిగిలిన కాస్త సారాన్నీ చెదలు, బూజు మెల్లగా మట్టికి చేరుస్తాయి.

అసలు వింత ఆ తర్వాత. తొలకరికి ఇంకా వారాలుండగానే, ఏప్రిల్, మే ఎండల్లోనే చాలా చెట్లు చిగురు వేస్తాయి. వాటికి ఆధారం కాండంలో దాచుకున్న నీరు, లోతు వేళ్లకు అందే తేమ. తునికాకు కోసేది కూడా ఆ రోజుల్లోనే. బీడీకి చుట్టే ఆ ఆకు ఎక్కువగా తొలకరి చూడనిదే. నరికేసిన మొద్దు కూడా ఊరుకోదు. బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు వేళ్లలోని పిండిపదార్థాన్ని తిని పిలకలు వేస్తాయి. టేకు మొద్దుల నుంచి అడవిని మళ్లీ పెంచడం అటవీశాఖకు పాత పద్ధతే.

యోబు అలాంటి మొద్దునే చూశాడు. నరికిన చెట్టుకు ఆశ ఉందన్న ఆ మాటను మనం క్యాలెండర్ల మీద అచ్చువేస్తాం, ఆదరణ కూడికల్లో చదువుతాం. కానీ పదో వచనం దాకా చదివితే తెలుస్తుంది, అతడు దాన్ని ఓదార్పుగా చెప్పలేదు. చెట్టుకున్న ఆశ మనిషికి లేదే అని దేవుడి మీద ఫిర్యాదు చేశాడు. పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్నవాడు చిగురును చూసి సంతోషించలేదు, చెట్టును చూసి అసూయపడ్డాడు. నా మట్టుకు నాకు క్యాలెండర్ మీది యోబు కన్నా ఈ యోబే నమ్మదగినవాడు.

అయినా అతడు మాట్లాడటం మానలేదు. నన్ను కొంతకాలం దాచిపెట్టు, తర్వాత జ్ఞాపకం చేసుకో, నువ్వు పిలిస్తే పలుకుతాను అని అదే అధ్యాయంలో అడుగుతాడు. అతడి చేతిలో జవాబు లేదు, అడగడం ఒక్కటే ఉంది. చివరికి 42వ అధ్యాయంలో దేవుడి కోపం మండింది చక్కని సమాధానాలు చెప్పిన స్నేహితుల మీద.

ఏగిస మొలకది మరో కథ. వేసవి వస్తే దాని పైభాగం ఎండిపోతుంది. వానలకు వేరు నుంచి మళ్లీ లేస్తుంది, మళ్లీ ఎండుతుంది. కొన్నేళ్లు ఇలాగే గడిచి, వేరు బలిశాకే కాండం నిలుస్తుంది. మన సంఘంలోనూ ఇలాంటివారుంటారు. ఆరాధనలో నోరు విప్పరు, ప్రార్థన చేయమంటే తల దించుకుంటారు. వాళ్లది చచ్చిన విశ్వాసమని తేల్చే పని మనది కాదు. ఈ వారం వాళ్లింటికి వెళ్తే వాక్యం చెప్పే తొందర వద్దు. వాళ్లు దేవుడి మీద చెప్పుకునే ఫిర్యాదు పూర్తిగా వినండి.

ప్రార్థన: ప్రభువా, నీతో వాదించిన యోబును నీవు తోసివేయలేదు. దుఃఖంలో ఉన్నవారి నోరు మేము మూయించకుండా మమ్మల్ని ఆపు. రాలిన ఆకుల మీద ఎవరూ బీడీ ముక్క పారేయకుండా చూడు. ఈ ఎండల్లో నల్లమలలో నిప్పుకు కాపలా కాస్తున్న చెంచులను, అటవీ సిబ్బందిని క్షేమంగా ఇల్లు చేర్చు. ఆమేన్.