చక్రాల కుర్చీ: చొరవ ఎవరిది?

దుర్గ్ జిల్లాలోని నందిని సున్నపురాయి గనులు భిలాయి ఉక్కు కర్మాగారం కోసం ఏర్పడినవి. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించిన ఆ కర్మాగారం ఎందరో తెలుగువారికి కూడా జీవనోపాధి కల్పించింది. దేహబలమే యోగ్యతగా పుట్టిన ఇటువంటి ఊళ్లలో, వార్ధక్యంలో చేతితో నడిపే చక్రాల కుర్చీని ఆశ్రయించిన మనిషి స్థానమేమిటన్నది విచారించదగిన ప్రశ్న.

"ఆయనకు ఆత్మవిశ్వాసం లేదు, అందుకే ఇల్లు కదలడు" అనటం తేలిక. ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వసామర్థ్య సిద్ధాంతం ప్రకారం, ఒక పని చేయగలనన్న నమ్మకానికి ప్రధానాధారం ఆ పనిని చేసి నెగ్గిన అనుభవమే. గడప దగ్గర ముందు చక్రాలను ఎత్తటం, వాలులో చేతివలయాలను అదిమి వేగం తగ్గించటం అభ్యాసంతో అబ్బే విద్యలు. అరవై దాటినవారికి వాటిని నేర్పాలన్న ఆలోచన అరుదు. కుర్చీ అందజేయటం, ఛాయాచిత్రం తీయించుకోవటం మాత్రం ఘనంగానే జరుగుతాయి.

నేర్పు ఒక్కటే చాలదు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలుబాట ఉండాలన్నది ప్రసిద్ధ ప్రమాణం. అంటే ఆలయం ముందరి రెండు మెట్లకే అంత స్థలం కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రవేశ సౌలభ్యాన్ని హక్కుగా గుర్తించింది. ఆ హక్కు కోసం ప్రతిసారీ నలుగురు మోసేవారిని పిలవవలసివస్తే అది దయగానే మిగులుతుంది.

సహాయం కోరటం ఆత్మవిశ్వాస లోపం కాదు. ఎక్కడ చేయి కావాలో, ఎక్కడ వద్దో కూర్చున్నవారే నిర్ణయించాలి. చెప్పకుండా వెనుకనుంచి కుర్చీని తోయటం మర్యాదస్తులు కూడా చేసే పొరపాటు. ఎదుటికి వచ్చి "తోయమంటారా అండీ?" అని అడిగితే, "వద్దు బాబూ" అనే వీలైనా ఆ పెద్దాయనకు ఉంటుంది.