చెట్టునీడ – చిత్తశాంతి

దేహమునే దేవాలయముగా భావించు శరణమార్గమున నడచువారికి ఒక సందేహము సహజముగా కలుగును. ఆరాధ్యదైవము ఇష్టలింగరూపమున ఎదపైననే యుండగా, కైలాసము కాయకమునందే యుండగా, మనశ్శాంతికై కొండలకు, కోనలకు, తోపులకు పోవలసిన పని యేమి? శాంతి లోపలనే యున్నచో దానిని బయట వెదకుట అవివేకము గాదా? బయటనే యున్నచో లోపలి సాధనకు విలువ యేమి? నేడు వైద్యులును, పత్రికలును ‘కొంతసేపు చెట్లనడుమ గడపుడు, మనస్సు కుదుటపడును’ అని చెప్పుచుండుటవలన ఈ సందేహము మరింత బలపడినది.

మనస్సు కలత చెందు విధమును ముందుగా చూడవలెను. కలత చాలవరకు జరిగినదానివలన గాక, జరిగినదానిని మరల మరల తలచుటవలన పెరుగును. ఆవు మేసిన గడ్డిని నెమరువేసి పాలిచ్చును. మానవుడో, నాలుగేండ్ల క్రిందట పెండ్లిపందిటిలో బావమరది అన్న మాటను నేటికిని నెమరువేసి నిద్ర చెరుపుకొనును. పంపకములలో తమ్మునికి పోయిన రెండు కుంటల నేల, కుమారునికి తగ్గిన మార్కులు, కుమార్తెకు కుదరని సంబంధము, ఇవియే మేత. అట్టివాడు పూజకు కూర్చున్నను అరచేత లింగముండును, కన్నులయెదుట తమ్ముడుండును.

ఈ నెమరువేతనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి చూచి 2015లో ఫలితములు ప్రకటించిరి. 38 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును చెట్లున్న పచ్చికబయలులోను, రెండవ జట్టును వాహనముల రద్దీగల రహదారి ప్రక్కను, 90 నిమిషములు నడువుమనిరి. చెట్లనడుమ నడచినవారిలో తమ్ము తామే నొప్పించుకొను తలపోత తగ్గినది. అట్టి తలపోతతో సంబంధముగల మెదడుభాగమున వ్యాపారమును తగ్గినది. రహదారి ప్రక్క నడచినవారిలో ఆ మార్పు కానరాలేదు. నడక ఇరుజట్లకును సమానమే. కావున భేదము కాళ్ళది గాదు, కన్నులకును చెవులకును అందినదానిది.

నడువలేక మంచమున నున్నవారి మాట యేమి? దానికిని ఒక సమాధానము కలదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని యొక ఆసుపత్రిలో 1972 మొదలు 1981 వరకు పిత్తాశయ శస్త్రచికిత్స జరిగినవారి రికార్డులను పరిశీలించెను. కొన్ని గదుల కిటికీలనుండి చెట్లు కనబడుచుండెను. కొన్నింటినుండి ఇటుకగోడ మాత్రమే కనబడుచుండెను. వయస్సు మొదలగువానిలో సరిపోలు 23 జతల రోగులను పోల్చి చూడగా, చెట్లను చూచుచుండినవారు సగటున ముప్పాతిక దినము ముందుగా ఇల్లు చేరిరి. తీవ్రమైన నొప్పిమందులును తక్కువగా పుచ్చుకొనిరి. కిటికీ యావలి చెట్టు వారిని తాకలేదు, వారికై యేమియు చేయలేదు, ఊరక నిలిచియుండెను.

ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాధానములను ఆధారముగా గొని 2019లో వెలువడిన పరిశీలనలో, వారమునకు మొత్తము 120 నిమిషములైనను ప్రకృతిలో గడపువారు తమకు ఆరోగ్యము, తృప్తి అధికముగా నున్నవని చెప్పుట కనబడినది. అయితే ఆరోగ్యవంతులే ఎక్కువగా బయట తిరుగుదురేమో యను శంకకు ఇందు చోటు గలదు. సంఖ్యలను మంత్రములవలె జపింపరాదు.

కారణమేమన, అమెరికాకు చెందిన రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో ప్రకటించిన గ్రంథమున ఒక వివరణ మిచ్చిరి. లెక్కలు వ్రాయుట, వాహనము నడుపుట, పదిమందిలో జాగ్రత్తగా మాటలాడుట మొదలగు పనులకు మనస్సును బలవంతముగా ఒకచోట నిలుపవలసియుండును. ఆ శక్తి అలసిపోవును. అలసినవానికి చికాకు, కోపము త్వరగా కలుగును. ఆకుల కదలిక, మబ్బుల పోక, వాగునీటి చప్పుడు మాత్రము మనస్సును బలవంతము లేకయే తమవైపు త్రిప్పుకొనును. ఆ సమయమున అలసిన శక్తి విశ్రమించును. దీనికి మరియొక మాట చేర్పవచ్చును. చెట్టు ఎవరిని ఏమియు అడుగదు. జీతమెంత యని గాని, కులమేది యని గాని, కుమార్తెకు పెండ్లి యెప్పుడని గాని అడుగదు. ‘నేను’ అను దానిని మోసి చూపవలసిన పని చెట్టుక్రింద లేదు.

ఇంతవరకు వచ్చినపిదప మొదటి సందేహము కొంత విడిపోవును. చెట్టు శాంతిని చేతికిచ్చుట లేదు, నెమరువేతను ఆపుచున్నది. కలచుట మానిన కుండలో నీరు తానే తేరును. తేట నీటిదే గాని మానినవానిది గాదు. శాంతి లోపలిదే, దానికి అడ్డము తొలగుటకు బయటి సాయము కావలసియున్నది. దేహము దేవాలయమైనచో, ఆ దేవాలయమునకు కిటికీ యుండుట దోషము గాదు.

కాని కాయకవాది యడుగదగిన ప్రశ్న మరియొకటి కలదు. ఇది పనినుండి పారిపోవుట గాదా? కొందరి విషయమున అవును. మంచముపట్టిన తల్లిని భార్యకు అప్పగించి, తాను కొండపై ప్రశాంతముగా కూర్చుండువాని ప్రశాంతి అరువు సొమ్ము. దానిని మరియొకరు తీర్చుచున్నారు. మధ్యాహ్నము చింతచెట్టునీడను అరగంట కూర్చుండి మరల మడిలోనికి దిగు కూలిది పారిపోవుట గాదు. భేదము తెలియుటకు తిరిగివచ్చిన పిదప నడవడి చూచిన చాలును. మరియు, అడవియనగానే శాంతియని పాడుట పట్టణవాసుల అలవాటు. నల్లమలలోని చెంచులకు అడవి విశ్రాంతిస్థలము గాదు. తేనెకును దుంపలకును ప్రాణమునకు తెగించి తిరుగు పనిచోటు.

ఈ ప్రసంగమున అక్కమహాదేవిని స్మరింపక తప్పదు, ఆమెను తప్పుగా స్మరించుటయు కద్దు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమునుండి శ్రీశైలపు కదళీవనమునకు పోయిన ఆ శరణి ఆరోగ్యముకొరకు పోలేదు, శాంతికొరకును పోలేదు. చెన్నమల్లికార్జునుని వెదకుచు పోయెను. అడవి ఆమె విరహమును చల్లార్చలేదు, రగిల్చెను. ఆమె తిరిగి రాలేదు. అది వేరొక త్రోవ. గృహస్థుల ఉదయపు నడకకు ఆమెను సాక్షిగా పిలుచుట తగదు.

గృహస్థులకు తగిన ఉదాహరణము అదే శ్రీశైలమున మరియొకటి కలదు. ఉగాదికి కర్ణాటకమునుండి వేలాది భక్తులు వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో కాలినడకను మల్లికార్జునుని చేరుదురు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమని ఒక భాగమునే ఈ క్షేత్రమునకు కేటాయించెను. ఘాట్‌రోడ్డుపై బస్సున నిద్రించుచు మూడుగంటలలో చేరినవానికిని దర్శనమగును. కాని ఎండుటాకులపై నడచి, దాహముగొని, నీటిచుక్క విలువ నెరిగి చేరినవాని మనస్సు అప్పటికే సగము ఖాళీయైయుండును. ఆ త్రోవలోను ధ్వనిపెట్టెలలో పాటలు మ్రోగించుచు, ప్లాస్టిక్ సీసాలు విసరుచు నడచువారు లేకపోలేదు. వారు అడవిలో నడచుచున్నారు గాని అడవి వారిలో నడుచుట లేదు.

ఒక హెచ్చరిక అవసరము. నెలల తరబడి తిండి, నిద్ర లేక, బ్రదుకుపై ఆశ విడిచినవారిని ‘తోటలో తిరుగుము’ అని పంపివేయుట దయ గాదు. వారికి వైద్యుడు కావలెను. చెట్టునీడ వైద్యునికి తోడు మాత్రమే.

నీడ కొందరికే దక్కుట ఇందలి అసలు చిక్కు. కారున్నవాడు అరకు పోవును. రెండుగదుల అద్దెయింటిలో మోకాళ్ళనొప్పితో నున్న అవ్వ యెచటికి పోవును? వాకిటి వేపచెట్టును ప్రహరీకొరకు కొట్టించినవాడు తన నేలలోని చెట్టునే కొట్టించెను. కాని ఎదురింటి రోగి కిటికీకి ఇటుకగోడ మిగిల్చెను. అన్నదాసోహమున ఎదుటివాని ఆకలిని లెక్కించు సంప్రదాయమున, ఎదుటివాని నీడను లెక్కింపకుండుటకు కారణము కానరాదు. అనేక మఠముల ప్రాంగణములలో మన్ను కానరాకుండ బండలు పరచి, పైన రేకులు కప్పుచున్నారు. పూజకు మారేడుపత్రి మాత్రము బజారునుండి వచ్చుచున్నది. రెండు బండలు పెకలించిన ఒక మారేడు మొక్కకు చోటగును. క్రింద అరుగు కట్టిన ఆ అవ్వకు చోటగును. నాటుటకు తొలకరి అనువైన కాలము. మొదటి రెండు మూడు వేసవులు నీరు పోయువారును, మేకలు మేయకుండ కంచె కట్టువారును ఉండవలెను.