రాజీయు న్యాయమును

కోర్టున నోడినవాడు అచ్చటనే యేడ్చె ననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చె ననియు మనవారు చెప్పుదురు. వ్యాజ్యములలో ధనమును కాలమును ఎట్లు హరించిపోవునో యీ సామెత తెలుపుచున్నది. కావుననే రాజీ మేలని పెద్దలు బోధింతురు. ఈ బోధ యెంతవరకు ధర్మసమ్మతమో విచారింతము.

ఒడంబడిక కుదిరినంతమాత్రమున కలహము తీరదనుటకు మా పల్నాటి కథయే సాక్ష్యము. పండ్రెండవ శతాబ్దమున గురిజాల, మాచెర్ల దాయాదులు కోడిపందెమునకు రాజ్యభాగము నొడ్డిరనియు, ఓడినవారు వలసపోయిరనియు, గడువు తీరినను వారి భాగము వారికి దక్కలేదనియు, సంధికి బోయిన అలరాజు చంపబడె ననియు చెప్పుదురు. తుదకు కారంపూడి రణభూమియే తీర్పు చెప్పెను. మాట దప్పినవానిని నిలువరించు అధికారము లేనిచో ఒప్పందము నిలువదు.

మన దేశమున నీ కొఱతను 1987 నాటి న్యాయసేవల శాసనము తీర్చినది. లోక్ అదాలతులో కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము; దానిపై అప్పీలు లేదు. కాని అప్పీలు లేనిచోట సమ్మతి మిక్కిలి స్వచ్ఛముగా నుండవలదా?

ముప్పాళ్ళ పొలములలో గట్టు తగాదా పడిన యిద్దరు రైతులను తలపోయుడు. ఒకడు పదియేండ్లు కోర్టునకు దిరుగగలవాడు. రెండవవాడు వాయిదాకు సత్తెనపల్లి పోయిన నాడు కూలి పోగొట్టుకొనువాడు. ఇరువురును రాజీపత్రమున సంతకము చేసిరి. రెండవవాడిచ్చినది సమ్మతియా, అలసటయా?

ఆలస్యమైన పూర్తి న్యాయముకంటె నేడు దక్కు సగము మేలని కొంద ఱందురు. అది బ్రతుకుతెరువు మాట. ధర్మము మాట కాదు. ఆలస్యము రాజ్యము చేసిన తప్పు. దానికి జరిమానా బీదవాడు చెల్లించుట యెట్టి న్యాయము?

ఇతర దేశములును ఈ చిక్కును ఎదుర్కొన్నవే. డెన్మార్కు నార్వేలు ఏకరాజ్యముగా నున్నపుడు, 1795లోనే, వ్యాజ్యమునకు ముందు సంధిసభల నేర్పఱచిరి. పొత్తు కుదరనివారికి కోర్టు ఉండనే యుండెను. ఇంగ్లండులో అప్పీలు కోర్టు 2004లో మధ్యవర్తిత్వమునకు బలవంతపెట్టరాదనెను. 2023లో ఆ కోర్టే, విచారణహక్కునకు భంగము రానంతవరకు కక్షిదారులను సంధియత్నమునకు బంపవచ్చు ననెను. సంధికి బంపుట వేఱు, సంధికి లొంగదీయుట వేఱు. మన సుప్రీముకోర్టును 2008లో, లోక్ అదాలతు రాజీని నమోదు చేయవలసినదే గాని తానై తీర్పు చెప్పరాదని స్పష్టపఱచెను.

పూర్వస్మృతులును ఈ వివేకమును విడువలేదు. కులము, శ్రేణి, పూగము, రాజాధికృతులు అను సభలను యాజ్ఞవల్క్యుడు క్రమముగా నొకదానికంటె నొకటి హెచ్చని చెప్పెను. క్రిందిసభ మాటయే తుదిమాట కాదని దాని భావము. అంటరానివారిని దూరముననే నిలిపి, స్త్రీలను పిలువక తీర్పులు చెప్పిన రచ్చబండలు ఈ సూత్రమును మఱచినవి.

కోర్టు తలుపు తెఱచియున్నపుడే రాజీకి గౌరవము. 1987 శాసనము స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో పనిలేకయే ఉచితముగా వకీలు నిచ్చుచున్నది. కావున, సర్దుకొమ్మని చెప్పబోవు పెద్దలు ముందుగా బలహీనుని ప్రత్యేకముగా బిలిచి, "నీ హక్కు నీకు దెలియునా? వలదనుటకు నీకు వీలున్నదా?" అని యడుగవలెను. ఈ రెంటికి ఔనను జవాబు వచ్చిన పిదపనే కాగితము చాపవలెను.