చెలి మౌనం: అనురాగం, హక్కు – ఒక నైతిక పరిశీలన

క్షేత్రయ్య పదాలలో నాయిక విరహాన్ని వినేది చెలి; రాయబారం మోసేదీ చెలియే. ఆమె మనస్సులో ఏముందని ఎవరూ అడగరు. భానుదత్తుని ‘రసమంజరి’లోని అన్యసంభోగదుఃఖిత, తాను పంపిన దూతికపై నాయకుని గుర్తులు చూసి కుములుతుంది. ఆ దుఃఖమంతా నాయకుని కోసమేనని చెప్పుకోవడం మనకు అలవాటు. అందులో చెలిని పోగొట్టుకున్న బాధ ఎంత?

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో (1891 నాటి అసఫియా) ఈ గ్రంథాలు చదివే రోజులలోనే మాంగా అనే జపాను చిత్రకథలు నాకు పరిచయమయ్యాయి. ర్యోకో యమగిషి 1971లో వెలువరించిన ‘షిరోయి హేయా నో ఫుతారి’ ఇద్దరు విద్యార్థినుల అనురాగ కథ. ఇటువంటి కథలలో మాట ఆగినచోట ముఖం కనిపిస్తుంది. స్నేహితురాలు మరొకరితో నవ్వితే, చూసే ఆమె కళ్ళకే ఒక గడి కేటాయిస్తారు. పదంలోని చెలికి అటువంటి చోటు లేదు.

మౌనాన్ని ప్రేమకు రుజువుగా చదవడమూ తొందరపాటే. నేనూ ఆ తొందర పడ్డాను. అసలు ప్రశ్న వేరు. చెప్పని అనురాగం హక్కును కోరవచ్చునా? “ఆమెతో ఎందుకు మాట్లాడావు?” అని నిలదీస్తే, అవతలి స్త్రీకి సంజాయిషీ చెప్పుకోవడమే మిగులుతుంది, తనను అడగనిదానిని కాదనే అవకాశం ఉండదు. తప్పు అనురాగంలో లేదు, ఈ దాపరికంలో ఉంది. అయితే ఆ దాపరికానికి ఆమె ఒక్కర్తెనే బాధ్యురాలిని చేయలేము. ‘చెలి’ అన్న మాట స్నేహితురాలికీ ప్రియురాలికీ చెల్లుతుంది. దానిని రెండవ అర్థంలో మరొక స్త్రీతో పలకడానికి మాత్రం ఆమెకు అనుమతి లేదు.