మోపబడిన బరువు, ఎత్తుకొనిన సిలువ



మన ఇండ్లలో ఎవరికైనను కష్టము సంభవించినపుడు, "ఇది నా సిలువ, మోయక తప్పదు" అని నిట్టూర్చుట వాడుక. రోగమును సిలువ యందుము, లేమిని సిలువ యందుము. వెనుకటివారు తలవ్రాత యన్న దానికే మనము సిలువ యని పేరు మార్చితిమా? ఈ సంగతిని సువార్త వెలుగులో ఆలోచింతము.

రోమా ప్రభుత్వపు దినములలో సిలువ గౌరవచిహ్నము కాదు. దాసులకును, తిరుగుబాటు చేసినవారికిని విధింపబడిన ఘోరమైన మరణశిక్ష అది. చూచినవారు భయపడి అణగియుండవలెనని ఆ శిక్షను బహిరంగముగా అమలు జరిపెడివారు. అట్టి అవమానపు మ్రానును మన ప్రభువు తప్పించుకొనగలిగియు తప్పించుకొనలేదు. ఆ పాత్ర తొలగవలెనని గెత్సేమనేలో వేడుకొనిన ఆయనయే, తండ్రి చిత్తమునకు తన్నుతాను అప్పగించుకొనెను. నొప్పి నొప్పిగా ఎవరిని రక్షింపజాలదు. పాపులమైన మన నిమిత్తము ఆ నొప్పిని భరించిన ప్రేమయే మనలను రక్షించినది.

ఆ దినమున గొల్గొతా మార్గములో మరియొకడు కూడ సిలువను మోసెను. అతడు కురేనీయుడైన సీమోను. కురేనే నేటి లిబియా దేశములోనిది. అనగా అతడు ఆఫ్రికా ఖండమునుండి వచ్చినవాడు. పల్లెటూరినుండి వచ్చుచుండగా సైనికులు అతనిని పట్టుకొని బలవంతము చేసిరి. అతని ఇష్టమును ఎవరును అడుగలేదు. అయినను మార్కు తన సువార్త 15వ అధ్యాయములో అతని కుమారులైన అలెక్సంద్రును, రూఫును పేర్లతో చెప్పుచున్నాడు. బలవంతము చేసిన సైనికుల పేర్లు మరుగైపోయెను; బలవంతముగా మోసినవాని యింటివారి పేర్లు సువార్తలో నిలిచెను.

ఈ వృత్తాంతము మనకు దూరమైనది కాదు. 1860 నవంబరు 16న "ట్రూరో" ఓడ డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు మన పూర్వులు ఒడంబడిక కూలీలుగా ఈ నేటాలు సీమకు వచ్చిరి. అయిదేండ్ల ఒడంబడికకు బద్ధులై చెరకు చేలలోను, తేయాకు తోటలలోను శ్రమించిరి. వారి వీపున పడిన కొరడా దెబ్బ సిలువయా? కాదు. అది అన్యాయము. అన్యాయమునకు సిలువ యని పేరు పెట్టుట కొట్టినవానికి క్షమాపత్రము వ్రాసి యిచ్చుటయే. అయితే అలసిన చేతులతోనే పక్కగదిలోని జ్వరపీడితునికి గంజి కాచి యిచ్చినవారెవరో, వారు సిలువను ఎత్తుకొనినవారు.

1903లో నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యగారు నేటాలుకు వచ్చిరి. ఆయనను ఏ ఒడంబడికయు కట్టివేయలేదు. తెలుగు బాప్టిస్టులు పంపగా, తన భాష మాటలాడు కూలిజనుల ఆత్మల నిమిత్తము ఇష్టపూర్వకముగా సముద్రము దాటిరి. కియర్స్‌నీ తేయాకు తోటల ప్రాంతమున సంఘమును స్థాపించి, 1915లో మరణించువరకు ఈ గడ్డమీదనే సేవ చేసిరి. పూర్వులపై బరువు మోపబడినది. రంగయ్యగారు ఆ బరువు క్రింద తామే భుజము పెట్టిరి.

కావున ప్రియులారా, త్రాగివచ్చి కొట్టు భర్తను సహింపుమని ఏ సహోదరితోను "ఇది నీ సిలువ, అమ్మా" అని చెప్పకుడి. ఆమెకు తలుపు తెరచి, ఆమె పక్షమున నిలిచి మాటలాడుటయే మీ సిలువ. అందువలన బంధువులు అలుగవచ్చును, పెద్దలు నిందింపవచ్చును; ఆ నింద మోయదగినదే. తన్ను వెంబడింపగోరువాడు ప్రతిదినము సిలువ నెత్తుకొనవలెనని ప్రభువు సెలవిచ్చెను. ఎత్తుకొనుట యనగా మనస్సార వంగి, చేయి చాచి తీసికొనుట.

శుభ శుక్రవారమున సిలువ యెదుట నిలుచునపుడు, "ప్రభువా, నా బరువు ఎంత?" అని మాత్రమే అడుగక, "నేడు ఎవరి బరువు క్రింద నా భుజము పెట్టవలెను?" అని అడుగుదము. మనకు ముందుగా మోసినవాడు మనతో కూడ నడచును గాక. ఆమేన్.