పితృసేవయు మృగయయు

తల్లిదండ్రుల కోరికను దీర్చుట పుత్రధర్మమని పెద్దలు చెప్పుదురు. ప్రాణిహింసను విడనాడుట పరమధర్మమనియు ఆ పెద్దలే చెప్పుదురు. ఈ రెండును ఒకచోట ఎదురుపడినప్పుడు గృహస్థుడు దేనిని పాటింపవలెను? ప్రశ్న ప్రాచీనమైనదే యైనను, నేటి లోకమున అది క్రొత్త రూపమున గానవచ్చుచున్నది.

అమెరికా దేశపు పశ్చిమభాగమున రాకీ పర్వతములు కలవు. అచ్చట మ్యూల్ డియర్ అను జింకలు సంచరించును. కంచరగాడిద చెవులవలె పెద్దచెవు లుండుటచే వానికా పేరు కలిగినది. బెదరినప్పుడవి నాలుగు కాళ్లను ఒక్కమారుగ నేలనుండి యెత్తి చెండువలె నెగిరిపోవును. ఆ దేశపు తూర్పుదిక్కున వేటలాడి వృద్ధులైనవారు, ఒక్కమారైనను ఆ పశ్చిమపర్వతములకు బోవలెనని కోరుట కలదు. డెబ్బదియేండ్లు పైబడిన తండ్రి అట్టి కోరికను కుమారునితో చెప్పినాడనుకొందము. కుమారుడు ఎట్లు సిద్ధపడవలెను?

మొదట రాజశాసనము. కొలరాడో రాష్ట్రమున జింకవేటకు అనుమతులు పరిమితముగ, లాటరీ పద్ధతిని లభించును. శరత్కాలపు వేటకు వసంతముననే దరఖాస్తు చేయవలెను. 1949 జనవరి 1వ తేదీన గాని, అటుపిమ్మట గాని జన్మించినవారు వేట శిక్షణ పొందియుండవలెను. తుపాకివేట దినములలో మిరుమిట్లుగొలుపు నారింజ లేక గులాబి వన్నె వస్త్రము ధరింపవలెను. తినదగిన మాంసమును వృథా చేయుట నేరము.

పిమ్మట దేహము. ఎనిమిదివేల అడుగులకు మించిన యెత్తున గాలి పలుచనై తలనొప్పి, ఆయాసము, నిద్రలేమి కలుగవచ్చును. కావున వృద్ధుని ముందుగనే వైద్యునికి చూపవలెను. కొన్ని నెలలపాటు తండ్రితో గూడి నడక నభ్యసింపవలెను. కొండప్రాంతము చేరిన పిదప ఒకటి రెండు దినములు విశ్రమింపవలెను. మందులు, నీరు, ఉన్నివస్త్రములు కుమారుడే మోయవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, తండ్రి అడుగెంతయో కుమారుని అడుగును అంతయే కావలెను. వృద్ధులైన తల్లిదండ్రులను తిరుమల మెట్లదారిని తోడ్కొనిపోయినవారికి ఈ మాట చక్కగ దెలియును.

ఆ నారింజ వస్త్రపు నియమము చిన్నదిగ దోచును గాని, దాని వెనుక నున్న భయము మన యితిహాసములకు క్రొత్త గాదు. దశరథుడు సరయూతీరమున రాత్రివేళ కుండ మునిగిన చప్పుడు విని ఏనుగని భ్రమించి బాణము వైచెను. కూలినది వృద్ధులును అంధులునగు తల్లిదండ్రులకు నీరు గొనిపోవుచున్న మునికుమారుడు. పితృసేవలో నున్నవానిని మృగయ బలిగొన్నది. ఆ రాజునకు గురి తప్పలేదు, చూపు తప్పినది. కంటితో నిర్ధారింపక కొట్టరాదను నియమమును నేడు ఆ దేశమున వేట నేర్పువారు మొదటి పాఠములలోనే చెప్పుచున్నారు.

మహాభారతమున అరణ్యపర్వమందలి ధర్మవ్యాధుని కథ ఈ సందర్భమున మిక్కిలి స్మరణీయము. పూర్వజన్మమున అతడు బ్రాహ్మణుడు. రాజమిత్రునితో వేటకేగి, మృగమని యెంచి ఒక ఋషిని బాణముతో గొట్టి శాపము పొందెను. మిథిలలో వ్యాధుడై జన్మించి మాంసము విక్రయించుచుండెను గాని తాను చంపడు, తాను తినడు. తన వద్దకు వచ్చిన కౌశికునికి అతడు వృద్ధులైన తన తల్లిదండ్రులను చూపి, వీరే తన దైవములని చెప్పెను. వారిని విడిచి వచ్చిన కౌశికుని తిరిగి యింటికి బంపెను.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. ధర్మవ్యాధుడు తన సేవ చేత తన వృత్తి పుణ్యమైనదని చెప్పుకొనలేదు. వృత్తిలోని దోషమును దోషమనియే యెరిగి, సేవను సేవగ జేసెను. రెండింటిని వేర్వేరుగ తూచెను.

ఆ దేశపు వేటకాండ్రు తమ పక్షమున నొక మాట చెప్పుదురు. 1937 నాటి శాసనము ననుసరించి తుపాకులపై, మందుగుండుపై వసూలగు పన్ను వన్యప్రాణి రక్షణకే వినియోగమగుచున్నది. ఇది సత్యము, త్రోసిపుచ్చరానిది. మన దేశము 1972 నాటి చట్టముతో వేటను నిషేధించి వేరొక మార్గమును గైకొనెను. అయినను దేశశాసనము అనుమతించినంత మాత్రమున మనస్సాక్షి విచారణ ముగియదు.

కావున ఆ కుమారుని మనస్సు హింస కొప్పనిచో నేమి చేయవలెను? తండ్రిని తూలనాడరాదు, వృద్ధుని ఒంటరిగ కొండకు బంపరాదు, ఇష్టము లేకయే ఇష్టమున్నట్లు నటింపరాదు. తోడు వత్తును, బరువు మోతును, చేయి పట్టి నడిపింతును, తుపాకి మాత్రము పట్టనని వినయముతో జెప్పవచ్చును. తండ్రి యనేకమారులు కోరునది జింక కాదు. కాళ్లలో బలముండగనే కుమారునితో గడుప గలిగిన కొన్ని దినములే. ఆ కోరికను గ్రహించినవాడు తండ్రితో గూడి ఉదయమున శిఖరముపై గూర్చుండి, దిగువలోయలో మేయు జింకలను చూచి, రిక్తహస్తుడై దిగివచ్చినను లోపము లేదు. తండ్రి క్షేమముగ నిల్లు చేరెనా, సేవ సంపూర్ణమే.