పూసిన మరకలు

క్రొత్త వస్తువును బుద్ధిపూర్వకముగా పాతదానివలె కనబడునట్లు చేయుట అసత్యమగునా? ఈ ప్రశ్న మాకు గ్రంథపఠనమువలన కలిగినది కాదు. గుత్తికిని అనంతపురమునకును నడుమ, పెన్న యొడ్డున నున్న పామిడిలో మా బంధువుల యింట నాలుగు దినములు గడపినప్పుడు కలిగినది. ఆ యింటి కుమారుడు, కళాశాలలో చదువుకొనుచున్న పదునెనిమిదేండ్లవాడు, మేడమీది చిన్నగదిలో కూర్చుండి యుద్ధవిమానపు నమూనా నొకదానిని కట్టుచుండెను.

అది మిగ్ 21. 1963లో మన వాయుసేనలో ప్రవేశించి, 2025 సెప్టెంబరు 26న చండీగఢులో సెలవు పుచ్చుకొన్న జెట్టు విమానము. మన దేశములో వీనిని నాసికులో నిర్మించిరి. అందలి యెలక్ట్రానిక్ పరికరములకై హైదరాబాదులో ఒక కర్మాగారము వెలసినది. అసలు విమానపు రెక్కల వెడల్పు 7 మీటర్లకు కొంచెము పైన. బాలుడు కట్టుచున్నది అందులో 72వ వంతు, అనగా ఈ చివరనుండి ఆ చివరకు 10 సెంటీమీటర్లు లేదు. ప్లాస్టిక్ చట్రమునుండి ముక్కలను కత్తితో వేఱుచేసి, అంచులను గరుకుకాగితముతో నునుపుచేసి, అతికించి, సందులను పుట్టితో పూడ్చి, వాడు వారము దినములలో దానికొక రూపము తెచ్చెను. ఇంతవఱకు ఇంటిలో నెవరికిని ఆక్షేపణ లేదు.

ఆక్షేపణ తరువాత వచ్చినది. విమానమంతటికిని వెండిరంగు వేసి, అది యారినపిదప అక్కడక్కడ తడిచేసి ఉప్పురవ్వలను అంటించి, వానిపైన ఆకుపచ్చరంగు కొట్టెను. రంగు ఆరగా ఉప్పును వ్రేలితో రుద్దివేసెను. ఉప్పున్న చోటులలో పైరంగు లేచిపోయి క్రింది వెండి బయటపడెను; ఏండ్ల తరబడి యెండకును వానకును నిలిచిన రేకువలె నుండెను. వాడిట్లు చేయుటకు కారణము లేకపోలేదు. 1971 యుద్ధము వచ్చినప్పుడు, వెండివలె మెఱయుచు దూరమునుండియే కనబడు మిగ్ విమానములు అనేకములకు తొందరగా పచ్చరంగులు పూసిరి. తొందరగా పూసిన రంగు తొందరగనే ఊడును. ఉప్పు ఊడిన తరువాత నిగనిగలాడు వార్నీషు, నీటిలో నానబెట్టి అతికించు చిహ్నములు. ఆపైన పలుచని నల్లరంగును రేకుల అతుకుల గీతలలో పాఱించి, మిగిలినదానిని గుడ్డతో తుడుచుట. తోకవైపు మసి, రెక్కలక్రింద నూనెచారలు, చక్రములకు ధూళి. తుదకు ఇవి చెదరకుండ మెఱుపులేని వార్నీషు.

అప్పుడే వాని తల్లి కాఫీ తెచ్చి, గుమ్మములో నిలిచి చూచి, "ఇంట్లో దుమ్ము తుడిచేదానికే నాకు పొద్దు చాలదు. వీడు చూడప్పా, దుడ్డు పెట్టి కొన్న బొమ్మకు దుమ్ము పూస్తాండాడు!" అని మాతో ననెను. మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మొదట మేము బాలుని పక్షముననే వాదించితిమి. క్రొత్త కంచువిగ్రహమును మట్టిలో పాతిపెట్టి, పచ్చబాఱిన తరువాత త్రవ్వితీసి, పురాతనమని యమ్ముకొనువాడు మోసగాడు. కొనువాడు మోసపోవుచున్నాడు గనుక. పదిసెంటీమీటర్ల విమానమును చూచి, ఇది నిజముగా ఢాకామీదికి పోయివచ్చినదని యెవడైన భ్రమపడునా? నాటకములో ఇరువదియేండ్ల యువకుడు తలకు తెల్లరంగు పూసికొని భీష్ముడై వచ్చినప్పుడు సభ్యులు వానిని అబద్ధికుడని నిందింతురా? మోసపోవువాడు లేని చోట మోసము లేదు. కావున ఇది కళయే గాని కల్ల కాదు. ఈ సమాధానము మాకు చక్కగా తోచినది. ఆ సాయంకాలము బజారునకు పోవువఱకు అట్లే తోచినది.

పామిడి బట్టల వర్తకమునకు పేరుపడిన యూరు. ఒక యంగడిలో మోకాళ్లకడ వెలిసిపోయిన నీలిలాగులు వ్రేలాడుచుండెను. వెలిసినది యేల యమ్ముచున్నారని యడుగగా, అట్లు వెలయించినవే పిల్లలు కోరుదురని వర్తకుడు చెప్పెను. ఇక్కడను మోసపోవువాడు లేడు. కొనువాడు తెలిసియే కొనుచున్నాడు. అయినను ఇట్టి వెలుపునకు ఒక చరిత్ర కలదు. గుడ్డమీదికి ఇసుకను గాలివేగముతో కొట్టి రంగు వెలయించు పద్ధతి యొకటి చాలదేశములలో నుండెను. ఆ యిసుకధూళి పీల్చిన పనివారికి సిలికోసిస్ అను నయముకాని ఊపిరితిత్తుల వ్యాధి కలుగుట బయటపడగా, టర్కీ ప్రభుత్వము 2009లో ఆ పద్ధతిని నిషేధించినది. కూర్చుండి వ్రాసికొనువాని మోకాలు, పొలములో వంగి పనిచేసినవాని మోకాలివలె కనబడుటకై, మఱియొకని ఊపిరి అఱిగినది. అప్పుడు మా సమాధానము చాలదని తెలిసినది. మోసపోయినవా రున్నారా యని మాత్రమే అడిగితిమి. అఱిగిన వారెవరని యడుగలేదు.

మఱునాడు ఆ యింటికి ఒక వృద్ధుడు వచ్చెను. వాయుసేనలో విమానములను బాగుచేయు పనిలో చాలకాల ముండి విశ్రాంతి గైకొన్నవాడు, ఆ వీధివాడే. బాలుడు గర్వముతో నమూనాను ఆయన చేతిలో నుంచెను. ఆయన కన్నద్దములు సవరించుకొని చాలసేపు చూచి, "మేము తుడిచి తుడిచి చేతులు కాయలు కట్టిన మరకలు. నువ్వు దుడ్డు పెట్టి పూస్తాండావా అబ్బీ!" అని, తరువాత ఒక్కొక్క మరకను చూపి యిది యెక్కడిదని యడుగసాగెను. ఈ యెఱ్ఱచార హైడ్రాలిక్ నూనెయా? అయినయెడల పైనుండి పాఱనేల? అది కారుచోటు క్రిందనుండును. ఈ గీత యేమి? బాలుడు కొలబద్దతో కొలిచెను, ఒక మిల్లీమీటరు. "72తో హెచ్చించు" అని వృద్ధుడనెను. 7 సెంటీమీటర్లకు పైన. "అంత వెడల్పున రంగు చీరుకొనిపోయిన విమానాన్ని కారణం తెలుసుకోకుండా పైకి పంపుతామా నాయనా?"

ఈ ప్రశ్న మాకు శాస్త్రములన్నిటికంటె నెక్కువగా పనికివచ్చినది. మరక యనునది అలంకారము కాదు. ఒక సంగతికి సాక్ష్యము. సంగతి లేని మరక లేనిపోని సాక్ష్యము. ఎండచే వెలిసిన తలుపును, గాలిచే గరుకుబాఱిన గోడను, సగటున సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల వానకే కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచు ఈ సీమలో చిత్రకారుడు అందమని యెంచవచ్చును. ఆ తలుపునకు రంగు వేయుటకు పైకము లేనివాడు అట్లెంచడు. దుమ్ము నందు సౌందర్యము చూచుట, దానిని తుడువవలసిన పని తనకు లేనివానికి సులభము. తల్లి యేల నవ్వలేదో మాకప్పుడు తెలిసినది. ఇంటిలో ప్రతిదినమును తుడువబడిన దుమ్ము ఎవరికిని కనబడదు. విమానములో ప్రతి ప్రాతఃకాలమును తుడువబడిన నూనెయు నంతియే. పూసిన మరక మాత్రము పొగడ్తకు పాత్రమగుచున్నది.

అట్లని నమూనాలకు మరకలు పూయరాదని మా మతము కాదు. మచ్చలేక మెఱయు నమూనా యింకను పెద్ద యబద్ధము చెప్పును: ఈ యంత్రము తనంత తానుగా శుభ్రముగా నున్నదనియు, దానిని అంటి యే చేయియు పనిచేయలేదనియు. పూయవచ్చును, ఎక్కడిదని యడిగినప్పుడు జవాబు చెప్పగల మరకనే పూయవలెను.

చదువరులలో కొందఱు ఇంతకంటె కఠినమైన ప్రశ్న వేయుదురు. చంపుటకై చేసిన యంత్రమును ఆటవస్తువుగా చేయవచ్చునా? మేము దీనిని త్రోసివేయజాలము. 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనముమీద రాకెట్లు వేసినవి ఈ విమానములే. ఆ దినముననే గవర్నరు రాజీనామా యిచ్చెను. ఆ యుద్ధము న్యాయమైనదని మేము నమ్ముదుము. అయినను రాకెట్టు పడిన చోటు ఈ పదిసెంటీమీటర్లలో లేదు. ఇదే జిల్లాలో నిన్నమొన్నటివఱకు చేరియుండిన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములవారు రామునిచేసిన చేతితోనే రావణునిగూడ చేయుదురు. తెరమీద కొట్టినవాడును పడినవాడును ఇద్దఱును కనబడుదురు. ప్లాస్టిక్ పెట్టెలో కొట్టినది మాత్రమే యుండును. పడినవారిలో మనవారును గలరు. 2012లో రక్షణమంత్రి ఏ. కె. ఆంటోనీ పార్లమెంటునకు తెలిపిన లెక్క యిది: మన దేశము సంపాదించిన 872 మిగ్ జాతి విమానములలో 482 ప్రమాదములలో నశించినవి, 171 మంది పైలట్లును, 39 మంది పౌరులును మరణించిరి. ఈ లెక్కను మేము చదివి వినిపింపగా వృద్ధుడు విని ఊరకుండెను. బాలుడు నమూనాను బల్లమీద పెట్టెను.

ఏ రంగుతో ఏ యుప్పుతో దీనిని చూపవచ్చునో మాకు తోచలేదు. చూపరాదేమో. పెట్టెమూతమీద వ్రాసిపెట్టవచ్చునని మేమంటిమి. బాలునికి ఆ మాట రుచింపలేదు.

కొంతసేపటికి వృద్ధుడే నోరు విప్పి, ఒక్క మరక తక్కువయైనదనెను. పైలటు కూర్చుండు చోట ఎడమవైపున నిచ్చెన తగిలింతురు. దినమునకు ఎన్నిమారులో తగిలించి తీయుటచే అచ్చట రంగు నిలువదు. "పైలటు ఒక్కసారి ఎక్కుతాడు. మేము పదిసార్లు ఎక్కుతాము" అనెను. బాలుడు సూదిమొనతో ఆ చోట రెండు చుక్కలంత రంగు గీకెను, వెండి మెఱసెను. ఆయన నమూనాను తిరిగి చేతిలోనికి తీసికొని, అటునిటు త్రిప్పి చూచి, భుజముమీది తువాలు కొసతో తోకదగ్గఱి మసిని తుడువబోయెను. అది వార్నీషుక్రింద నుండుటచే రాలేదు. ఆయన మఱల తుడిచెను.